త్రిజ్య: వృత్తమును వృత్తపు కొలతతోనే కొలిచిన మన పెద్దలు



దేవాలయమున అడుగిడిన ప్రతివారును చేయు మొదటి సేవ ప్రదక్షిణము. గుండ్రని ప్రదక్షిణపథమున గర్భాలయమునకు దగ్గరగా తిరుగువాడు కొద్ది అడుగులతో ముగించును. జనసమ్మర్దమువలన ఎడముగా తిరుగువాడు అంతకు రెండింతలు నడువవలసివచ్చును. అయినను ఇరువురి ప్రదక్షిణమును ఒక్కటే. వారు స్వామిచుట్టు తిరిగిన కోణము సమానము. నడిచిన చాపము మాత్రము కేంద్రమునుండి గల దూరమును బట్టి పెరిగినది. దూరము రెండింతలైనచో నడకయు రెండింతలు. వృత్తగణితమంతయు ఈ చిన్న సత్యమునందే ఇమిడియున్నది.

ఈ విషయమును నేటి ప్రసంగమునకు ఎన్నుకొనుటకు కారణము కలదు. పై తరగతుల పిల్లలు గణితమున 'రేడియన్' అను మాట వినినంతనే బెదరుచున్నారు. వారికి ధైర్యము చెప్పవలెనని పెద్దలలో కొందరు "ఇదంతయు మన వేదములలో ఎప్పుడో ఉన్నది" అనుచున్నారు. ఎక్కడ ఉన్నదో చూపుమని పిల్లవాడు అడిగినచో చూపలేకపోవుచున్నారు. చూపలేని గొప్ప గొప్పగా నిలువదు. అట్టి మాట వినిన పిల్లవానికి మొదట గణితముపైన, తరువాత పెద్దల మాటపైన, తుదకు శాస్త్రముపైన విశ్వాసము సడలును. కావున మన గ్రంథములలో నిజముగా ఏది కలదో, ఏది లేదో విడివిడిగా చెప్పుకొనుట మేలు. ఉన్నది చాల గొప్పది. దానికి మఱియొకటి చేర్చవలసిన పని లేదు.

యజ్ఞవేదికలోని వృత్తము

తెలుగునాట వైదికులలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖవారు, ఆపస్తంబ సూత్రమువారు. ఆ సూత్రమునకు అంగమైన శుల్బసూత్రమునందు వేదికల కొలతలు కలవు. శుల్బమనగా త్రాడు. త్రాడును మేకును తప్ప వేఱు పరికరము లేకయే వారు క్షేత్రములను గీచిరి. గార్హపత్యము వృత్తము, ఆహవనీయము చతురస్రము, దక్షిణాగ్ని అర్ధవృత్తము. ఆకారములు వేఱైనను వైశాల్యము సమానముగా ఉండవలెను. చతురస్రమును వృత్తముగా మార్చుటకు వారు చెప్పిన విధిని లెక్కకట్టి చూచినచో, పరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి ఇంచుమించు 3.088 వచ్చును. నేటి విలువ 3.1416. వేదికకు ఆ దగ్గరితనము చాలును.

బౌధాయన శుల్బమున రథచక్రచితి యొకటి కలదు. దానికి కావలసిన వైశాల్యము ఏడున్నర చదరపు పురుషములు. అందు ముప్పదవ వంతు పరిమాణము గల ఇటుకలు 225 కావలెను. ఆకుల నడుమ ఖాళీలకు 64 ఇటుకల చోటు విడువవలెను గనుక, మొదట 289 ఇటుకల మేర లెక్కించెదరు. అందు నాభికి 16, ఆకులకు 64, నేమికి 145. ఈ మూడును కలిపిన సరిగా 225. ఆకులకెంత చోటో ఖాళీలకును అంతే చోటు. చక్రమును కేంద్రమునుండి వెలువడు ముక్కలుగా విభజించి, ప్రతి భాగమునకు వైశాల్యము కేటాయించిన ఈ పద్ధతి వేలయేండ్ల క్రిందటిది.

అయితే ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. శుల్బసూత్రములలో కోణమునకు కొలమానము లేదు. త్రాటి కొలత కలదు, వైశాల్యము కలదు. రేడియన్ భావమునకు మూలము వెదకువారు వేదాంగములలోని మఱియొక దానికి, అనగా జ్యోతిషమునకు, అందును సిద్ధాంతగ్రంథములకు రావలెను.

ఆర్యభటుని మూడు మాటలు

కలియుగమున 3600 సంవత్సరములు గడచునప్పటికి తనకు ఇరువదిమూడేండ్లని ఆర్యభటుడు తన గ్రంథమున చెప్పుకొనెను. అది క్రీస్తుశకము 499. ఆర్యభటీయము గణితపాదమునందు వృత్తమును గూర్చి ఆయన చెప్పిన మూడు విషయములు మనకు ముఖ్యములు.

మొదటిది: పరిధిలో సగమును వ్యాసములో సగముచే గుణించిన వృత్తవైశాల్యము వచ్చును. రెండవది: పరిధిలో ఆరవ భాగమునకు గీచిన జ్య వ్యాసార్ధమునకు సమానము. మూడవది: వ్యాసము 20,000 అయినచో పరిధి ఇంచుమించు 62,832. ఈ సంఖ్యను ఆయన 'ఆసన్నము' అనెను. అనగా దగ్గరిది గాని కచ్చితమైనది కాదు. తాను కనుగొన్న దానికి హద్దెక్కడో తానే చెప్పుట ఋషిలక్షణము.

ఈ మూడవ మాటను ఇంకొక విధముగా చదువుడు. వ్యాసము 20,000 అయినచో వ్యాసార్ధము 10,000. పరిధిలో అట్టి వ్యాసార్ధములు 6.2832 పట్టును. నేటి పాఠ్యపుస్తకమున "పూర్ణవృత్తమునకు 6.2832 రేడియనులు" అని చెప్పునది ఈ మాటయే. వ్యాసార్ధమంత పొడవుగల చాపము కేంద్రమునొద్ద చేయు కోణమే రేడియన్. అంతకుమించి ఆ మాటలో భయపడవలసినది లేదు.

3438 అను సంఖ్య

ఇక అసలు విషయమునకు వచ్చితిమి. వృత్తమును 360 అంశలుగను, అంశను 60 కలలుగను విభజించుట మీరెఱుగుదురు. పరిధియంతయు 21,600 కలలు. అంతవరకు ఇతర దేశములవారును చేసిరి. మనవారి విశేషమేమనగా, వ్యాసార్ధమును గూడ ఆ కలలతోనే కొలిచిరి. వంకరగా ఉన్న పరిధికి ఏ కొలబద్దయో, తిన్నగా ఉన్న వ్యాసార్ధమునకును అదే కొలబద్ద. పరిధి 21,600 కలలైనచో, ఆర్యభటుని నిష్పత్తి ప్రకారము వ్యాసార్ధము 3437.74 కలలు వచ్చును. దానిని 3438గా గ్రహించిరి. దానిని అరువదిచే భాగింపుడు: 57 అంశల 18 కలలు. నేటి రేడియన్ విలువ 57 అంశల 17 కలల 45 వికలలు.

ఈ వ్యాసార్ధమునకు 'త్రిజ్య' అని పేరు. మూడు రాశులకు, అనగా 90 అంశలకు కలుగు జ్య గనుక త్రిజ్య. మన నగరమున హిందీ మాధ్యమమున చదువు పిల్లలు ఇప్పటికిని వ్యాసార్ధమును త్రిజ్యా అనియే పలుకుదురు. ఆ మాట వెనుక ఇంత చరిత్ర కలదని వారికెవరైన చెప్పవలెను గదా!

చాపమును, జ్యను ఒకే కొలతతో కొలిచినందున కలిగిన లాభమును ఆర్యభటుని జ్యాపట్టికలో చూడవచ్చును. పాదవృత్తమును 225 కలల చొప్పున 24 భాగములు చేసి, ఒక్కొక్కదానికి జ్య పెరుగు ప్రమాణమును ఆయన ఇచ్చెను. వరుసగా 225, 224, 222, 219 అని తగ్గుచు పోవును. అన్నిటిని కూడిన 3438. మొదటి చాపము 225 కలలు, దాని జ్యయు 225 కలలే. చాపము మిక్కిలి చిన్నదైనపుడు వంకరకును తిన్నదనమునకును భేదము కానరాదను సూక్ష్మము అందు దాగియున్నది. వ్యాసార్ధమును వేఱొక కొలతతో కొలిచినవారి పట్టికలో ఈ సమానత్వము కంటికి కనబడదు. నేటి ఉన్నతగణితమున రేడియన్‌ను విడువరాకపోవుటకు ముఖ్యకారణము ఇదియే.

చాపము పొడవు, త్రిజ్యాంతర వైశాల్యము

కోణమును వ్యాసార్ధములతో లెక్కించినచో సూత్రములు ఎంత సులువగునో చూడుడు. చాపము పొడవు కావలెనన్న కోణమును వ్యాసార్ధముచే గుణింపవలెను. అంతే. పాదవృత్తమునకు 1.5708 రేడియనులు. పది అడుగుల దూరమున ప్రదక్షిణము చేయువాడు పాదము తిరుగునప్పటికి 15.7 అడుగులు, ఇరువది అడుగుల దూరమున తిరుగువాడు 31.4 అడుగులు నడచును. అంశలతో లెక్కించినచో ప్రతిమాఱును 360చే భాగించి పరిధితో గుణింపవలసివచ్చును.

రెండు వ్యాసార్ధముల నడుమ విసనకఱ్ఱవలె నుండు భాగమును నేటి పుస్తకములలో సెక్టరు అనియు, త్రిజ్యాంతరమనియు వ్రాయుచున్నారు. దాని వైశాల్యము చాపములో సగమును వ్యాసార్ధముచే గుణించిన వచ్చును. ఇది ఆర్యభటుని మొదటి మాటయే. ఆయన పూర్ణపరిధికి చెప్పినది ఇచట పరిధిలోని ఒక భాగమునకు అన్వయించినది. పది అడుగుల వ్యాసార్ధము గల పాదవృత్తమున చాపము 15.708, అందు సగము 7.854, పదిచే గుణింపగా 78.54 చదరపు అడుగులు. పూర్ణవృత్తవైశాల్యము 314.16. దానిలో నాల్గవ వంతు ఇదియే.

ఎందువలన ఇట్లగునని అడుగు పిల్లవానికి గణేశ దైవజ్ఞుడు సమాధానము చెప్పెను. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన లీలావతికి 1545లో ఆయన వ్యాఖ్య వ్రాసెను. వృత్తమును రెండు సగములుగా చేసి, ఒక్కొక్క సగమును కేంద్రమునుండి సూదిమొనలవంటి ముక్కలుగా కోసి విప్పవలెను. ఒక సగపు మొనలను రెండవ సగపు మొనల నడుమ చొప్పించిన, దీర్ఘచతురస్రము ఏర్పడును. పొడవు పరిధిలో సగము, వెడల్పు వ్యాసార్ధము. అరటిపండ్లను తలక్రిందులుగా ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చినట్లు పిల్లలకు కాగితముతో చేసి చూపవచ్చును.

తెలుగువారి పాలు

ఈ శాస్త్రము సంస్కృతమునకే పరిమితమై ఉండలేదు. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దియందు, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. ఆయన జైనుడు. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలో సారసంగ్రహ గణితముగా వెలయించెను. ఆయన పదకొండవ శతాబ్దివాడని పండితులలో పలువురి అభిప్రాయము. మూలమున జినస్తుతి యున్నచోట మల్లన శివుని స్తుతించెను. మతము వేఱని శాస్త్రమును విడువలేదు. శాస్త్రమును గ్రహించితినని తన దైవమును విడువలేదు.

మహావీరాచార్యుని విధి యొకటి చూడుడు. విల్లువంటి క్షేత్రమునకు వంకరగా ఉన్నది చాపము, అల్లెత్రాడు జ్య, నడుమ నిలిచినది శరము. శరవర్గమును ఆరుచే గుణించి, జ్యావర్గమును కూడి, మూలము తీసిన చాపము వచ్చును. అర్ధవృత్తపు కోనేటికి జ్య 20 గజములు, శరము 10 గజములు అనుకొందము. ఆరు వందలు, నాలుగు వందలు కలిపి వేయి. దాని మూలము 31.62. నిజమైన కొలత 31.42. కోణమును కొలువ నక్కఱలేదు, పొలములోనికి దిగి త్రాటితో రెండు కొలతలు తీసిన చాలును. కోణముతో లెక్కించుట జ్యోతిషికునకు, శరముతో లెక్కించుట క్షేత్రగణితమునకు. రెండు దారులును మనవే.

సూర్యసిద్ధాంతమునకు మల్లికార్జునసూరి 1178 ప్రాంతమున తెలుగున వ్యాఖ్యానము వ్రాసెను. ఆ సిద్ధాంతమునందును త్రిజ్య 3438. చంద్రకక్ష్య పరిధి 3,24,000 యోజనములని అందు చెప్పబడినది. 21,600చే భాగింపగా ఒక్కొక్క కలకు 15 యోజనములు. చంద్రబింబవ్యాసము 480 యోజనములు గనుక ఆకాశమున అది 32 కలలుగా కనబడవలెను. కనబడునది ఇంచుమించు అంతే. ఇక 15ను త్రిజ్యచే గుణింపుడు: 51,570 యోజనములు. అదియే ఆ గ్రంథము ప్రకారము చంద్రుని దూరము. చాపమును, కోణమును, వ్యాసార్ధమును ముడివేయు ఆ ఒక్క గుణకారముపైననే గ్రహణగణితము ఆధారపడియున్నది. తిథియనగా సూర్యచంద్రుల నడుమ 12 అంశల, అనగా 720 కలల ఎడము. మీరు ఏకాదశి ఎన్నడని పంచాంగము చూచిన ప్రతిసారియు ఈ జ్యాగణితపు ఫలమును అనుభవించుచున్నారు.

తరువాత కేరళదేశమున సంగమగ్రామమాధవుని సంప్రదాయమువారు త్రిజ్యను ఇంకను సూక్ష్మము చేసి 3437 కలల 44 వికలల 48 తత్పరలని నిర్ణయించిరి. కటపయాది పద్ధతిలో, దేవుని పేరును భృగుమహర్షి పేరును వచ్చునట్లు, ఎనిమిది అక్షరములలో ఆ సంఖ్యను ఇమిడ్చిరి. నేటి యంత్రముతో లెక్కించినను ఆ తత్పరలవరకు అదే వచ్చుచున్నది.

జ్యా నుండి జేబు వరకు

మన 'జ్యా' లేక 'జీవా' అను మాట అరబ్బు పండితులకు 'జీబ'గా చేరెను. అరబీ లిపిలో అచ్చులు వ్రాయకుండుటచే, తరువాతివారు దానిని తమ భాషలోనున్న 'జైబ్' అను మాటగా చదివిరి. దానికి వస్త్రపు మడత, సందిలి అని అర్థము. పండ్రెండవ శతాబ్దిలో లాటిన్‌లోనికి మార్చినవారు ఆ అర్థముగల 'సైనస్' అను మాటను పెట్టిరి. నేడు పిల్లలు చదువు 'సైన్' అదియే. ఆ జైబ్ అను మాటయే ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు 'జేబు' అయినది. అఫ్జలుద్దౌలా పేర వెలసిన ఈ అఫ్జల్‌గంజ్ బజారులో వర్తకుడు చిల్లర వేసికొను జేబును, ఆర్యభటుని జ్యయు ఒకచోట కలిసికొన్నవి. విద్యకు ఎల్లలు లేవనుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము కావలెనా?

రేడియన్ అను పేరు, మన నగరపు వేధశాల

ఐరోపాలో కోణమును వ్యాసార్ధముతో కొలుచు భావమును రోజర్ కోట్స్ 1714లో స్పష్టముగా చెప్పెను. 'రేడియన్' అను పేరు అచ్చులో కనబడినది 1873లో, బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కళాశాలలో జేమ్స్ థామ్సన్ తయారుచేసిన పరీక్షాపత్రమునందు. కావున పేరు వారిది, భావము మనవారికి అంతకు ముందే తెలిసియున్నది. అయితే భేదమును గూడ చెప్పవలెను. మనవారు వ్యాసార్ధమును 3438 కలలుగా గ్రహించిరి, నేటివారు దానిని ఒకటిగా గ్రహింతురు. మనవారు వ్యాసార్ధమునకు పరిధి కొలతనిచ్చిరి, నేటివారు పరిధికి వ్యాసార్ధపు కొలతనిత్తురు. ఒకే ముడిని రెండు కొసలనుండి పట్టుకొనుటయే.

1901లో మన నగరమున రెండు సంస్థలు పుట్టినవి. ఒకటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. రెండవది నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా వేధశాల. అది పిదప ప్రభుత్వపరమై బేగంపేటకు తరలినది. ఆకాశమునంతను ఛాయాచిత్రములలోనికి ఎక్కింపవలెనని 1887లో పారిస్‌లో దేశదేశముల జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సంకల్పించిరి. అందు దక్షిణాకాశమున 17 నుండి 23 అంశలవరకు గల భాగము మన వేధశాలకు వచ్చినది. అక్కడి తొలి భారతీయ అధిపతి టి. పి. భాస్కరన్ ఆధ్వర్యమున ఆ పని చాలభాగము సాగినది.

ఆ పథకమునకు వారు పెట్టుకొనిన నియమము వినుడు: ఆకాశమున ఒక కల ఎడము ఛాయాఫలకముపై ఒక మిల్లీమీటరుగా పడవలెను. అందుకు దూరదర్శిని కటకమునుండి ఫలకమునకు గల దూరము ఎంత ఉండవలెను? కటకము కేంద్రము, ఫలకము పరిధిలో చిన్న తునక, దూరము వ్యాసార్ధము. కలకు ఒక మిల్లీమీటరైనచో వ్యాసార్ధము 3438 మిల్లీమీటర్లు, అనగా సుమారు మూడున్నర మీటర్లు కావలెను. పారిస్‌లో కూర్చున్నవారు ఆర్యభటీయమును ముందుంచుకొని ఆ నియమము చేయలేదు. సత్యము ఒక్కటే గనుక, సరిగా లెక్కించినవారు అందరును ఆ సంఖ్యకే వచ్చిరి. ఇది మనము గర్వింపదగిన గర్వము.

మన కర్తవ్యము

ఇంటియొద్ద పిల్లలచే ఈ పని చేయింపుడు. హారతిపళ్లెము నడుమనుండి అంచువరకు ఒక దారమును కొలిచి త్రుంచుడు. ఆ దారమును పళ్లెపు అంచు వెంట వంచి పెట్టుడు. దాని రెండు కొసలను నడిమికి కలిపిన ఏర్పడు కోణమే ఒక రేడియన్. అట్టి దారములు అంచు చుట్టు ఆరు పట్టి, ఇంకను దారములో పాతికకు మించిన చోటు మిగులును. అదే దారమును వంచక తిన్నగా అంచునుండి అంచునకు పెట్టినచో సరిగా ఆరు పట్టును. ఆర్యభటుని రెండవ మాట అది. వంచినదానికిని వంచనిదానికిని గల ఆ కొద్ది భేదమునందే 60 అంశలకును 57 అంశలకును గల తేడా ఉన్నది. ఒక్క పళ్లెముతో ఇంత పాఠము.

మూసీ ఒడ్డున, ఈ అఫ్జల్‌గంజ్‌లోనే, 1891లో ఆసఫియా పేర స్థాపింపబడి 1936లో ఇప్పటి భవనమునకు వచ్చిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములనుండి వచ్చువారికి అది దూరము కాదు. పిల్లలను అచటికి తీసికొనిపోయి ఆర్యభటీయమును, లీలావతిని గూర్చి అడుగుట నేర్పుడు. "మనకు అంతయు తెలుసును" అను మాటకంటె "రమ్ము, చూతము" అను మాట వారికి మేలు చేయును.

పాఠశాలలలో వేదము చదువు వటువులకును ఇదే మనవి. వేదపురుషునకు జ్యోతిషము కన్ను అని పెద్దలు చెప్పిరి. కన్నును వల్లెవేసిన చాలదు, దానితో చూడవలెను. సిద్ధాంతము చదివినవాడు చేతితో ఒక్క జ్యనైనను సాధింపవలెను. ఆ లెక్క చేయగలవారు తగ్గినకొలది, పంచాంగమునకు పంచాంగమునకు తిథి భేదించినపుడు కారణము చెప్పువారు కరవగుదురు. కారణము చెప్పలేని ఇంటిలో రెండు ఏకాదశులు వచ్చి, పిల్లలు రెండింటిని విడుతురు.

వృత్తమును వృత్తపు కొలతతోనే కొలిచిన పెద్దలు మనకు నేర్పినది గణితము మాత్రమే కాదు. దేనికి ఏది తగిన ప్రమాణమో దానితోనే దానిని కొలువవలెనని నేర్పిరి. శాస్త్రమును భక్తితో కొలిచి, పరీక్ష లేకుండ అంగీకరింపరాదు. భక్తిని లెక్కలతో కొలిచి, చులకన చేయరాదు. పూర్వుల గొప్పను సత్యముతో కొలుతము. ఆ కొలతకు వారు చక్కగా నిలుతురు.

స్వస్తి.